‘వెంటనే మానేయండి’ అనే ముందు అది ఏ మాత్రో చూడాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. చీటీ లేకుండా అమ్ముడుపోయే ‘ఒళ్లు చేసే మాత్రల’ గురించి రాసేటప్పుడైనా, టీవీలో మాట్లాడేటప్పుడైనా చివర్లో తరచూ వచ్చే సలహా ఒకటుంది: వాడుతున్నవాళ్లు వెంటనే ఆపేయాలి. ఆ మాత్రల్లో ఒక రకానికి ఈ సలహా సరిగ్గా సరిపోతుంది. రెండో రకానికి మాత్రం ప్రాణం మీదికి తేగలదు. తేడా ఎక్కడుందో చెప్పి, ఇకమీదట అలాంటి వార్తల్లో రెండు వాక్యాలు అదనంగా వేయమని అడగడానికే ఈ ఉత్తరం.

పెళ్లిచూపుల లోపు బుగ్గలు రావాలనో, హాస్టల్లో పిల్లాడు చిక్కిపోయాడనో, ఒంట్లో సత్తువ లేదనో అడిగితే పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి సైప్రోహెప్టాడిన్. పెద్దలకు 4 మి.గ్రా. మాత్ర, పిల్లలకు 5 మి.లీ.లో 2 మి.గ్రా. ఉండే ‘ఆకలి సిరప్’. రెండోది డెక్సామెథాసోన్, 0.5 మి.గ్రా. చిన్న మాత్ర. బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ కూడా దీని కోవలోవే. మొదటిది అలర్జీ మందు, రెండోది స్టెరాయిడ్. రెండింటితోనూ ఒళ్లొస్తుంది గనుక కొనేవాళ్లకు రెండూ ఒకటే. లోపల జరిగే పని మాత్రం పూర్తిగా వేరు.

సైప్రోహెప్టాడిన్ కణం పైపొర మీది గ్రాహకాలకు, అంటే రసాయన సంకేతాలను అందుకునే రిసెప్టర్లకు, అడ్డం కూర్చుంటుంది. మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. భోజనం మధ్యలో ‘చాలు, ఇక లే’ అని చెప్పే సంకేతాలు చాలావరకు అక్కడే కలుస్తాయి. ఆ మాట చెప్పే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి, హిస్టమిన్ ఒకటి. సెరటోనిన్ తన 2సీ గ్రాహకం ద్వారా, హిస్టమిన్ తన హెచ్1 గ్రాహకం ద్వారా ఆకలిని అదుపులో పెడతాయి. ఈ మాత్ర ఆ రెండింటినీ మూసేస్తుంది. అంటే అది కొత్తగా ఆకలి పుట్టించడం లేదు, చాలని చెప్పే నోరు నొక్కుతోంది. దీనికి తిరుగు సాక్ష్యం కూడా ఉంది. అదే 2సీ గ్రాహకాన్ని మూయకుండా తట్టిలేపే లోర్కాసెరిన్ అనే మందును 2012లో అమెరికాలో బరువు తగ్గడానికి అనుమతించారు (క్యాన్సర్ అనుమానంతో 2020లో వెనక్కి తీసుకున్నారు). మానసిక వ్యాధులకు వాడే ఒలాంజపిన్, క్లోజపిన్‌తో బరువు పెరగడానికి ముఖ్య కారణం కూడా ఈ రెండు గ్రాహకాలు మూతపడటమే. అయితే అవి జబ్బుకు అవసరమైన మందులు. బరువు పెరుగుతోందని ఎవరూ సొంతంగా ఆపకూడదు.

మనల్ని మెలకువగా ఉంచేది కూడా హిస్టమినే కాబట్టి సైప్రోహెప్టాడిన్ వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. వేసుకుని బండి నడపకూడదు, ట్రాక్టరెక్కకూడదు. అది ఎసిటైల్‌కోలిన్ గ్రాహకాలను కూడా మూస్తుంది. దాంతో నోరెండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, ప్రోస్టేట్ వాపు ఉన్న పెద్దవాళ్లకు మూత్రం బిగుసుకుపోతుంది. ఒక రకం గ్లకోమా ఉన్నవాళ్లకు కంటిలో ఒత్తిడి ఒక్కసారిగా పెరగవచ్చు. పాలిచ్చే తల్లులు వాడకూడదు. చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. డిప్రెషన్‌కు ఎస్సిటలోప్రామ్, ఫ్లుఒక్సెటిన్ లాంటివి వాడుతున్నవారిలో సైప్రోహెప్టాడిన్ ఆ మందు పనిని వెనక్కి లాగిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఒకటి సెరటోనిన్‌ను పెంచుతుంటే ఇంకొకటి దాని తలుపు మూస్తోంది మరి. ఇన్ని ఇబ్బందులున్నా సైప్రోహెప్టాడిన్‌ను రేపటి నుంచే ఆపేయవచ్చు. గ్రాహకం మీంచి మందు లేచిపోగానే అది మళ్లీ తన పని తాను చేసుకుంటుంది. కొద్ది రోజుల్లో ఆకలి పాత స్థాయికి వస్తుంది, వచ్చిన బరువు కూడా క్రమంగా తగ్గవచ్చు.

డెక్సామెథాసోన్ దారి వేరు. దాని గ్రాహకం కణం పైన కాదు, లోపల ఉంటుంది. మందు కణంలోకి దూరి గ్రాహకాన్ని పట్టుకుంటే ఆ జంట కేంద్రకంలోకి వెళ్లి డీఎన్ఏ మీద కూర్చుని కొన్ని జన్యువులను తెరుస్తుంది, కొన్నింటిని మూస్తుంది. అందుకే రక్తంలో మందు సగానికి తగ్గడానికి నాలుగు గంటలే పట్టినా దాని ప్రభావం 36 నుంచి 54 గంటలు నిలుస్తుంది. కాలేయంలో చక్కెర తయారు చేసే జన్యువులు తెరుచుకుంటాయి. దానికి ముడిసరుకుగా కండ కరుగుతుంది. కొవ్వు ముఖానికి, మెడ వెనక్కి, పొట్టకు చేరుతుంది. వచ్చిన ‘ఒళ్లు’ ఇదే: బుగ్గల్లో కొవ్వు, తొడల్లో కండ తరుగు. పీట మీంచి చేతులూనకుండా లేవలేకపోతున్నారా, పొట్ట మీద వేలి వెడల్పున ఊదారంగు చారలు పడ్డాయా అన్నది అద్దంలో బుగ్గల కంటే ముందు చూడాలి.

శరీరం తానుగా రోజుకు తయారు చేసుకునే సహజ స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ సుమారు 10 మి.గ్రా. డెక్సామెథాసోన్ 0.75 మి.గ్రా. బలం 20 మి.గ్రా. కార్టిసాల్‌కు సమానం. పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి, రాత్రొకటి చొప్పున 0.5 మాత్రలు మూడు మింగితే 40 మి.గ్రా. కింద లెక్క, అంటే ఒంటికి అవసరమైనదానికి నాలుగు రెట్లు. హైపోథాలమస్, పిట్యూటరీ గ్రంథి కూడా ఈ గ్రాహకంతోనే రక్తంలో హార్మోన్ ఎంతుందో కొలుచుకుంటాయి. ఎక్కువుందని తెలియగానే, మూత్రపిండాల మీద ఉండి కార్టిసాల్ తయారు చేసే అడ్రినల్ గ్రంథులకు ఆదేశం ఆపేస్తాయి. ఇది ఎంత చప్పున జరుగుతుందో చెప్పడానికి ఒక పరీక్ష చాలు. కార్టిసాల్ అతిగా తయారయ్యే కుషింగ్ జబ్బు అనుమానం ఉన్నప్పుడు రాత్రి 11 గంటలకు 1 మి.గ్రా. డెక్సామెథాసోన్, అంటే ఈ చిన్న మాత్రలు రెండే, ఇచ్చి మర్నాడు పొద్దున రక్తం తీస్తారు. ఆరోగ్యవంతుల్లో కార్టిసాల్ 1.8 మైక్రోగ్రాములకు (డెసిలీటరుకు) లోపే పడిపోతుంది. ఒక్క రాత్రి మాత్రలకే సొంత హార్మోన్ మర్నాటికి మూగబోతే, నెలల తరబడి వాడితే పని లేని అడ్రినల్ గ్రంథులు కుంచించుకుపోతాయి. ఆ దశలో మాత్ర హఠాత్తుగా ఆపేస్తే బయటి నుంచి హార్మోన్ రాదు, లోపల తయారు కాదు.

అప్పుడు కనిపించేవి విపరీతమైన నీరసం, వాంతులు, కడుపునొప్పి, బీపీ పడిపోవడం, ఒక్కోసారి షుగర్ కూడా పడిపోవడం. మే నెలలో వస్తే వడదెబ్బనుకుంటారు, మిగతా రోజుల్లో కలుషితాహారమనుకుంటారు. అడ్రినల్ గ్రంథులే పాడైన జబ్బులో చర్మం నల్లబడుతుంది, పొటాషియం పెరుగుతుంది. ఇక్కడ ఆ రెండూ ఉండవు, ఎందుకంటే పిట్యూటరీ ఆదేశమే ఆగింది, ఉప్పును కాపాడే ఆల్డోస్టెరోన్ మాత్రం మామూలుగానే తయారవుతోంది. కాబట్టి పొటాషియం బాగుందని డాక్టరు కూడా ఊరుకునే వీలుంది. ఎక్కించిన సెలైన్‌తో కాసేపు తేరుకుని మళ్లీ పడిపోతే అనుమానించాలి.

ఇక పద్ధతి. స్టెరాయిడ్ వాడింది మూడు నాలుగు వారాల లోపే అయితే సాధారణంగా నేరుగా ఆపవచ్చు. కానీ నీరసం అనిపించినప్పుడల్లా పదిరోజులు వేసుకునేవాళ్లకు ఈ లెక్క వర్తించదు, ఏడాది మొత్తం కూడి చూడాలి. మోకాళ్ల నొప్పికి వేయించుకున్న స్టెరాయిడ్ సూదులనూ కలపాలి. రోజుకు 0.5 మి.గ్రా. ఒక్కటే అయినా నాలుగు వారాలు దాటితే గ్రంథులు అణగి ఉన్నాయనే అనుకోవాలి. అలాంటివారికి డాక్టర్లు డెక్సామెథాసోన్‌ను తీసేసి, తక్కువసేపు పనిచేసే ప్రెడ్నిసొలోన్‌కో, కార్టిసాల్‌నే మందుగా చేసిన హైడ్రోకార్టిసోన్‌కో మారుస్తారు. డెక్సా రోజంతా, రాత్రంతా గ్రాహకాన్ని వదలదు. అది పట్టుకుని ఉన్నంతకాలం పిట్యూటరీ లేవదు. మార్చిన మందును పొద్దునే ఇచ్చి మెల్లగా తగ్గించి, రోజు అవసరానికి సరిపడే స్థాయికి తెచ్చాక పొద్దున 8, 9 గంటల మధ్య కార్టిసాల్ పరీక్ష చేస్తారు. ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవాలి, ముందు మాత్రకూ పరీక్షకూ 24 గంటలైనా ఎడం ఉండాలి. ప్రెడ్నిసొలోన్‌ను యంత్రం కార్టిసాల్‌గా లెక్కగట్టి దొంగ భరోసా ఇవ్వగలదు. ఫలితం 10 మైక్రోగ్రాములు దాటితే మందు ఆపవచ్చు. 5కీ 10కీ మధ్యయితే అదే చిన్న మోతాదు మరికొన్ని వారాలు. 5 లోపైతే కొన్ని నెలలు ఆగి మళ్లీ చూస్తారు. ఏడాది పట్టేవాళ్లూ ఉంటారు. ఇది పరీక్షలు చూసి చేయాల్సిన పని, పొట్లం ఇచ్చిన షాపులోనో, సూది వేసిన ఆర్‌ఎంపీ దగ్గరో తేలేది కాదు.

షుగర్ విషయంలో ఒక మెలిక. స్టెరాయిడ్ దెబ్బ భోజనం తర్వాతే ఎక్కువగా కనబడుతుంది. పరగడుపు షుగర్ 95 చూసి నిశ్చింతగా ఉన్న మనిషికి మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు 260 ఉండవచ్చు. పరీక్ష ఆ వేళకే చేయించాలి. కొత్తగా మొదలైతే మూణ్నెల్ల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా ఇంకా కదలకపోవచ్చు. 2021లో నల్ల ఫంగస్ ఎంతమంది కళ్లు తీసిందో రెండు తెలుగు రాష్ట్రాలూ చూశాయి. స్టెరాయిడ్, అదుపు తప్పిన షుగర్ కలిసిన చోటే అది ఎక్కువగా పాకింది. కోవిడ్‌లో డెక్సామెథాసోన్ ప్రాణాలు కాపాడిన మాట నిజం. కానీ 2020లో బ్రిటన్‌లో జరిగిన ‘రికవరీ’ అనే ప్రయోగంలో అది ఆక్సిజన్ అవసరమైన రోగులకే ఉపయోగపడింది, అదీ రోజుకు 6 మి.గ్రా., పది రోజులకు మించకుండా.

మెదడు సంగతి ఇళ్లలో ఆలస్యంగా గుర్తిస్తారు. జ్ఞాపకాన్ని చూసుకునే హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో ఈ స్టెరాయిడ్ గ్రాహకాలు దండిగా ఉన్నాయి. సహజ కార్టిసాల్ తెల్లవారుజామున పెరిగి అర్ధరాత్రికి అడుగంటుతుంది. రాత్రి వేసుకున్న డెక్సా ఆ లయను తలకిందులు చేస్తుంది. నిద్ర పట్టదు, లేని హుషారు, చిరాకు, మాటల వేగం. 1972లో బోస్టన్ పరిశోధకులు ప్రెడ్నిసొలోన్ కోవలోదే అయిన ప్రెడ్నిసోన్ రోజుకు 40 మి.గ్రా. లోపు తీసుకున్నవారిలో 1.3 శాతానికి, 80 దాటినవారిలో 18.4 శాతానికి మానసిక లక్షణాలు వచ్చాయని లెక్కగట్టారు. ‘మందు వేసుకుంటే భలే ఓపికొస్తోంది’ అనడం వెనక తరచూ ఉండేది ఇదే. ఆపినప్పుడు దిగులు కమ్మడం కూడా దీని రెండో ముఖం.

పొట్లంలో ఏముందో ఎలా తెలుస్తుంది? స్ట్రిప్ ఉంటే వెనక పేరు చదవాలి. ‘సోన్’, ‘సొలోన్’ అని ముగిస్తే స్టెరాయిడ్ కావచ్చు (సెఫ్ట్రియాక్సోన్ కూడా అలాగే ముగుస్తుంది, అది యాంటీబయాటిక్, కంగారు పడకండి). విడి మాత్రలైతే పారేయకుండా పొట్లంతో సహా డాక్టరుకు చూపించాలి. పేరులేని పొడులు, లేహ్యాలు ఎన్నాళ్లు తిన్నారో చెప్పడానికి సిగ్గుపడొద్దు. పసరు మందులోనూ స్టెరాయిడ్ కలిపి దొరికిన సందర్భాలున్నాయి.

డెక్సామెథాసోన్ ఇప్పటికే షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలో ఉంది, చీటీ లేకుండా అమ్మకూడదు. మింగే స్టెరాయిడ్లన్నింటినీ ఇంకా కట్టుదిట్టమైన షెడ్యూల్ హెచ్1 జాబితాకు మారిస్తే డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన సంఖ్య రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాల్సి వస్తుంది. తనిఖీకి వచ్చినవాళ్లకు చూడటానికి ఒక కాగితమంటూ ఉంటుంది. దానికి కేంద్రం నోటిఫికేషన్ కావాలి, రాష్ట్రాలు అడగాలి.

అప్పటిదాకా మీ పత్రిక వేయగలిగిన రెండు వాక్యాలు ఇవి. ‘పొట్లంలో స్టెరాయిడ్ ఉండి నెల దాటి వాడితే సొంతంగా ఆపకండి, డాక్టరు దగ్గర తగ్గించుకోండి. ఆపిన ఏడాదిలోపు తీవ్ర జ్వరం, ఆపరేషన్, ఆగని వాంతులు వస్తే 108 సిబ్బందికైనా, ఆసుపత్రిలోనైనా ముందు చెప్పాల్సింది ఇది: ఇన్ని నెలలు స్టెరాయిడ్ వాడి మానేశారు, హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్ అవసరమేమో చూడండి.’

ఇట్లు,
ఫార్మకాలజీ అధ్యాపకుడు, గుంటూరు