దొనకొండ రన్‌వే పక్కన ఒక గది కోసం: పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

నేను ప్రకాశం జిల్లా దర్శి ప్రాంతంలో ముప్పై ఏళ్లకు పైగా సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం దొనకొండలో నిర్మించిన విమాన క్షేత్రం వద్ద ఒక చిన్న మ్యూజియం ఏర్పాటు చేయవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. ఈ కోరిక నాకు చాలాకాలంగా ఉన్నదే. అయితే అటువంటి మ్యూజియానికి పెద్ద భవనం కన్నా పట్టుదల గల మనుషులే ముఖ్యమని నిరుడు ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట్లో ఉన్న రోజుల్లో టాంగ్‌మియర్ అనే ఊరికి వెళ్లి చూసిన తరువాతే నాకు బోధపడింది.

టాంగ్‌మియర్ ఆ దేశపు దక్షిణ తీరాన, చిచెస్టర్ పట్టణానికి దగ్గరలో ఉంది. 1940లో బ్రిటన్ గగనతలంలో జరిగిన యుద్ధంలో అక్కడి వైమానిక స్థావరం ముందు వరుసలో నిలిచింది. ఆ ఏడాది ఆగస్టు 16న జర్మన్ డైవ్ బాంబర్లు పట్టపగలు దాని మీద విరుచుకుపడి హ్యాంగర్లను నేలమట్టం చేశాయి. 1970లో స్థావరం మూతపడింది. నేడు ఆ నేలలో చాలా భాగం పొలాలుగానూ, కూరగాయలు పండించే పెద్ద పెద్ద గాజు షెడ్లుగానూ మారిపోయింది. మిగిలిన కొద్ది చోటులో 1982లో ఒక మ్యూజియం తెరిచారు. దానిని నేటికీ ప్రధానంగా స్వచ్ఛంద సేవకులే నడుపుతున్నారు.

అక్కడ 1953లో గంటకు 1,171 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఎర్రని హంటర్ విమానం ఉంది, దానిని అందరూ ఆసక్తిగా చూస్తారు. నేను మాత్రం ఒక హరికేన్ విమానపు నలిగిపోయిన శకలాల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. 1940 ఆగస్టు 30న టాంగ్‌మియర్ నుంచి లేచిన ఆ విమానం హోవ్ పట్టణపు వీధిలో కూలి భూమిలోకి దిగబడిపోయింది. దానిని నడిపిన సార్జెంట్ డెనిస్ నోబుల్ వయసు 20 ఏళ్లు. 1996లో, అంటే 56 ఏళ్ల తరువాత, ఆ వీధిని తవ్వి దానిని పైకి తీశారు. వంగిన రేకులను, మట్టి పట్టిన ఇనుమును పారవేయకుండా, ఆ యువకుడి పేరుతో సహా భద్రపరిచిన ఆ శ్రద్ధకు నేను మనసులో నమస్కరించాను.

ఆ స్థావరంతో మన దేశానికి కూడా ఒక బంధం ఉంది. టిప్పు సుల్తాన్ వంశానికి చెందిన నూర్ ఇనాయత్ ఖాన్ 1943 జూన్ 16 రాత్రి టాంగ్‌మియర్ నుంచే లైసాండర్ అనే చిన్న విమానంలో బయలుదేరి, జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో రహస్య వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేయడానికి వెళ్లింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో డాఖౌ నిర్బంధ శిబిరంలో ఆమెను కాల్చి చంపారు. ఈ విషయాన్ని పక్కనున్న నా మనవరాలికి తెలుగులో చెబుతున్నప్పుడు ఆ పిల్ల అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది: “తాతయ్యా, మన ఊరి దగ్గర కూడా ఇలాంటిది ఉందన్నారు కదా, అక్కడ ఎవరి కథ ఉంటుంది?”

మంత్రి గారూ, దొనకొండలో చెప్పవలసిన కథ తక్కువది కాదు. 1942 ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూన్, అండమాన్ దీవులు జపాను వశమయ్యాయి. ఏప్రిల్ 5న కొలంబో మీద, మరునాడే మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మద్రాసు జనం ఇళ్లకు తాళాలు వేసి లోతట్టు ఊళ్లకు తరలిపోయారు. బంగాళాఖాతం యుద్ధరంగమైన ఆ రోజుల్లో దేశమంతటా రెండు వందలకు పైగా విమాన క్షేత్రాలు హడావుడిగా లేచాయి. మన మెట్ట ప్రాంతం నడిబొడ్డున, గుంటూరు–గుంతకల్లు రైలు మార్గం మీద ఉన్న దొనకొండలోనూ యుద్ధ కాలపు రన్‌వే ఒకటి వెలిసింది.

మా అమ్మమ్మది అక్కడికి దగ్గరి పల్లె. రన్‌వే పనికి తట్టలతో కంకర మోసినట్లు, సాయంత్రం కూలి డబ్బులు అణాల్లో కొంగున ముడి వేసుకుని ఇంటికి వచ్చినట్లు ఆమె చెప్పేది. ఆ చోటును ఆమె చివరిదాకా “ఇమానాల బీడు” అనే పిలిచింది. టాంగ్‌మియర్ మ్యూజియంలో పైలట్ల కోట్లు, పతకాలు చూస్తున్నప్పుడు నాకు ఆ కంకర తట్టే కళ్లముందు మెదిలింది. మన మ్యూజియంలో మొదట ఉండవలసినది అదేనని నా అభిప్రాయం. పైలట్ల పేర్లను వాళ్ల దేశాలు రాసి పెట్టుకున్నాయి. రాళ్లు మోసినవారి పేర్లనూ, చేలు ఇచ్చినవారి పేర్లనూ మనమే రాసుకోవాలి.

ఇప్పుడు అక్కడ విమానయాన శాఖ అధీనంలో దాదాపు 136 ఎకరాలు ఉన్నాయి. విమానాశ్రయాన్ని పునరుద్ధరించాలన్న ప్రతిపాదన ఎన్నోసార్లు పైకి వచ్చింది, అది జరగాలని మేమూ కోరుకుంటున్నాము. కానీ కొత్త రన్‌వే వేసే రోజున పాతదాని ఆనవాలు ఒక్క అడుగైనా మిగలకపోతే ఆ నష్టాన్ని తరువాత ఏ నిధులతోనూ పూడ్చలేము. అందుచేత పాత రన్‌వేలో కొంత భాగాన్ని యథాతథంగా ఉంచేలా కేంద్ర పౌర విమానయాన శాఖకు మీ తరఫున ఇప్పుడే ఒక లేఖ వెళ్లాలి. దొనకొండలోని మీటర్ గేజ్ కాలం నాటి రైల్వే షెడ్డు, కాలనీల జ్ఞాపకాలకు కూడా మేము కోరుతున్న మ్యూజియం గదిలోనే ఒక గోడ కేటాయించవచ్చు.

కాగితాలు వెతకడం తేలిక పని కాదు, అది సాంఘిక శాస్త్రం చెప్పినవాడిగా నాకు తెలుసు. మన జిల్లా 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల తాలూకాలతో ఏర్పడింది కనుక, యుద్ధ కాలపు భూముల రికార్డులను ఆ మూడు పాత జిల్లాల రికార్డు గదుల్లోనూ గాలించాలి. మద్రాసు ప్రభుత్వపు పాత ఫైళ్లు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. బ్రిటిష్ వైమానిక దళపు స్క్వాడ్రన్ల, స్థావరాల దినచర్య పుస్తకాలు లండన్ శివార్లలోని క్యూ జాతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల చరిత్ర విభాగాల నుంచి ఇద్దరు పరిశోధక విద్యార్థులను ఒక ఏడాదిపాటు ఈ పనికి నియమిస్తే చాలును.

విశాఖ సముద్ర తీరాన కురుసుర జలాంతర్గామినీ, టీయూ–142 విమానాన్నీ మ్యూజియాలుగా నిలిపి లక్షల మందికి చూపిస్తున్న రాష్ట్రం మనది. దొనకొండకు మేము అంత పెద్ద ఏర్పాటు అడగడం లేదు. వాన కురవని ఒక గది, దానిలో ఆనాటి పటాలు, పనిముట్లు, ఫొటోలు, పెద్దవాళ్ల గొంతులు వినిపించే ఒక యంత్రం, తాళం తీసి పిల్లలకు వివరించే ఒక మనిషి ఉంటే సరిపోతుంది. ఆ చివరి పని నాకు అప్పగించినా జీతం లేకుండా చేస్తాను. నాలాంటి విశ్రాంత ఉపాధ్యాయులు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నారు.

గది కట్టడానికి సమయం పట్టినా, పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసే పని మాత్రం ఆగరాదు. 1942లో పదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు తొంభై దాటాయి. మా వీధిలో 94 ఏళ్ల పెద్దాయన ఒకరు ఉన్నారు. చిన్నతనంలో ఆ పనివాళ్లకు కుండలతో నీళ్లు మోసిన మనిషి. మాట ఇంకా స్పష్టంగా ఉంది, ఉదయం పూట కూర్చోబెడితే గంటసేపు చెప్పగలరు. మీ శాఖ నుంచి ఒక అధికారి రికార్డరుతో వస్తే మొదట ఆయన ఇంటికే తీసుకువెళ్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
దర్శి, ప్రకాశం జిల్లా