సిడ్నీ తెలుగువారి సంఘం ఆరోగ్య విభాగం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

మన పదో తరగతి సర్టిఫికెట్‌లో రెండు పుట్టుమచ్చలు రాసి ఉంటాయి. కుడి చెంప మీద ఒకటి, ఎడమ మోచేతి మీద ఒకటి, అలా. అప్పట్లో క్లర్కు అడిగితే చొక్కా చేతులు మడిచి చూపించాం. ఆ తర్వాత వాటిని మళ్లీ చూసుకున్నది ఎంతమంది? ఉగాది సభలో ఈ ప్రశ్న అడిగితే సిడ్నీ హాలంతా నవ్వింది, ఒక్క చెయ్యీ లేవలేదు.

ఈ ఏడాది మా విభాగం మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌ను పనిగా పెట్టుకుంది. చూడటానికి ఇది తరచూ పుట్టుమచ్చలాగే ఉంటుంది. "అది తెల్లవాళ్ల జబ్బు కదా, మనకెందుకు?" అని కార్యవర్గంలోనే అడిగారు. అందులో సగం నిజమే. ఈ జబ్బులో ఆస్ట్రేలియా ప్రపంచంలోనే ముందు వరుసలో ఉంది, దేశంలో క్వీన్స్‌లాండ్ మరీ ఎక్కువ. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ తెల్లజాతి వాళ్లలో మెలనోమా మరణాలు పెరుగుతున్నాయని ఆస్ట్రేలియా గణాంక శాస్త్రవేత్త హెన్రీ లాంకాస్టర్ 1956లోనే లెక్కలతో చూపించారు. భారతీయుల్లో ఇది చాలా అరుదు.

మిగతా సగం ఎవరూ చెప్పరు. మనలాంటి చర్మానికి వచ్చినప్పుడు ఇది తరచూ ఎండ తగలని చోటే వస్తుంది: అరికాలు, అరచెయ్యి, గోటి కింద. దీన్ని ఏక్రల్ మెలనోమా అంటారు. గాయకుడు బాబ్ మార్లీకి కాలి వేలి గోటి కింద వచ్చింది ఇదే. 1981లో 36 ఏళ్లకే పోయారు. ఈ రకం కణితుల్లో ఎండ చేసే జన్యు నష్టం ప్రధానంగా కనబడదని 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు కణితుల జన్యువులు మొత్తం చదివి తేల్చారు. అంటే సన్‌స్క్రీన్ రాసుకున్నంత మాత్రాన మన పని అయిపోదు.

సన్‌స్క్రీన్ వృథా అని కాదు. క్వీన్స్‌లాండ్‌లోని నాంబూర్ ఊళ్లో 1992లో 1621 మందితో ఒక అధ్యయనం మొదలైంది. రోజూ రాసుకున్నవాళ్లలో 11 మందికి మెలనోమా వస్తే, ఇష్టమైనప్పుడు రాసుకున్నవాళ్లలో 22 మందికి వచ్చింది. కానీ ఆస్ట్రేలియా నిపుణులు 2024లో ఇచ్చిన కొత్త సూచనలు అందరికీ ఒకే మాట చెప్పడం మానేశాయి. బాగా ముదురు చర్మం వాళ్లకు క్యాన్సర్ కన్నా విటమిన్ డి లోపం గురించే ఎక్కువ జాగ్రత్త చెప్పాయి. క్రికెట్ టోర్నీలో మేం పెట్టిన సన్‌స్క్రీన్ టేబుల్ దగ్గరికి పిల్లలు తప్ప ఎవరూ రాలేదు. డబ్బు దండగ. వచ్చే ఏడాది పెట్టం.

ఈ జబ్బు మీద కరపత్రం రాయడానికి మూడు వారాలు పట్టింది. చిక్కంతా ఒక్క మాట దగ్గరే వచ్చింది. 'పుట్టుమచ్చ' అంటే పుట్టుకతో వచ్చింది అనుకుంటాం. గమనించాల్సింది మాత్రం నలభై దాటాక కొత్తగా వచ్చిన మచ్చని. అందుకే చివరికి 'కొత్త మచ్చ, పెరిగే మచ్చ, మానని పుండు' అని రాశాం. గోళ్ల మీద గోధుమ రంగు చార మన రంగు వాళ్లలో మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. ఒకే గోటికి కొత్తగా వచ్చి, వెడల్పవుతూ, గోటి మొదట్లో చర్మం మీదికి పాకితే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

ఆ కరపత్రం ఒకరికైనా పనికొచ్చింది. వాళ్ల అనుమతితో, పేరు లేకుండా చెబుతున్నాం. ఒక సభ్యుడి తల్లిగారు విజిటర్ వీసా మీద గుంటూరు నుంచి వచ్చారు. మడమ దగ్గర నల్ల మచ్చ ఉంది. ఎప్పుడో ముల్లు గుచ్చుకుందని ఆవిడ అనుకున్నారు. ఊళ్లో చూపిస్తే ఆనె అని మందు రాశారు. గుడి బయట చెప్పులు విడుస్తుండగా కోడలు చూసి పట్టుబట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ముక్క తీసి చేసిన పరీక్షలో (బయాప్సీ) మెలనోమా అని తేలింది. అదృష్టవశాత్తూ మందం ఒక మిల్లీమీటరు లోపే. ఎంత మందం ఉంటే అంత ప్రమాదమని పాథాలజిస్ట్ (కణజాలాన్ని పరీక్షించే డాక్టర్) అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో చెప్పిన లెక్క మీదే ఇప్పటికీ రిపోర్టులు నడుస్తున్నాయి. కోసి తీసేశారు, సరిపోయింది. చాలామందికి అంత తొందరగా బయటపడదు.

జబ్బు ముదిరినవాళ్ల పరిస్థితి ఎంత మారిందో మార్చిలో, పరిశోధనకు విరాళాలు పోగుచేసే మెలనోమా మార్చ్ నడకకు వెళ్లినప్పుడు తెలిసింది. 2011కు ముందు జబ్బు ఒళ్లంతా పాకితే ఏడాది దాటడమే కష్టం. రోగనిరోధక కణాలకు శరీరం వేసే బ్రేకులను తీసేసే మందులు వచ్చాక లెక్క మారింది. ఆ బ్రేకుల సంగతి కనిపెట్టినందుకే శాస్త్రవేత్తలు జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. ఇలాంటి మందులు రెండు కలిపి తీసుకున్నవాళ్లలో పదేళ్ల తర్వాత 43 శాతం మంది బతికే ఉన్నారని 2024లో ప్రకటించారు.

అదే ఏడాది వచ్చిన నాడినా ట్రయల్ (ఇవే మందులతో రోగుల మీద చేసిన పరీక్ష) ఫలితాలు ఇంకా ఆసక్తికరం. 423 మంది మెలనోమా రోగుల్లో కొందరికి ఆపరేషన్ ముందు చేసి తర్వాత మందు ఇచ్చారు. కొందరికి మందు ముందిచ్చి తర్వాత ఆపరేషన్ చేశారు. కణితి ఒంట్లో ఉండగానే మందిస్తే రక్షణ కణాలు దాన్ని చూసి శత్రువును గుర్తుపట్టడం నేర్చుకుంటాయన్నది ఆలోచన. ఏడాదికి జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మొదటి గుంపులో 57 శాతం, రెండో గుంపులో 84 శాతం. ఈ ట్రయల్‌లో పనిచేసిన జార్జినా లాంగ్‌కూ, ఆమె సహచరుడు, పాథాలజిస్ట్ రిచర్డ్ స్కోలియర్‌కూ కలిపి 2024 ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం ఇచ్చారు. స్కోలియర్‌కు 2023లో మెదడు క్యాన్సర్ వచ్చింది. ముందు మందు, తర్వాత ఆపరేషన్ అనే ఇదే పద్ధతిని ఆ క్యాన్సర్‌కు ఆయన తన మీదే మొదటిసారి ప్రయోగించుకున్నారు. ఈ సంగతి చెప్పినప్పుడు హాల్లో పిల్లలు కూడా గోల ఆపారు.

మనవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. ఏక్రల్ రకానికి ఈ మందులు అంత బాగా పనిచేయడం లేదు. మచ్చల ఫొటో చూసి చెప్పే ఏఐ ప్రోగ్రాములు కూడా ఎక్కువగా తెల్లచర్మం ఫొటోలతోనే నేర్చుకున్నాయి, ముదురు చర్మం మీద తడబడుతున్నాయి. ఎవరైనా పరిశోధనలో చేరమని అడిగితే వెంటనే వద్దనకండి, వివరాలు అడగండి. మన ఫొటోలు వాటిలో లేకపోతే మన మచ్చల్ని అవి ఎలా గుర్తుపడతాయి?

నడకలో పోగైన విరాళం మొత్తం పరిశోధనకే పంపాం. లెక్కలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి.

తర్వాతి కార్యక్రమం ఆషాఢం గోరింటాకు సాయంత్రం. ఒకసారి పండితే పాదాలు, గోళ్లు వారాలపాటు ఏమీ కనబడవు. అందుకని ఈసారి గోరింటాకు పెట్టడానికి ముందు పది నిమిషాలు అరికాళ్లు, గోళ్లు చూసుకోవడానికి కేటాయించాం. మగవాళ్లూ రావాలి. టార్చి లైట్లు మేం తెస్తాం.