భవిత కేంద్రం ఎక్కడో చెప్పేదెవరు?

సంపాదకులకు,

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. దగ్గరలోని బడిలోనో, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలోనో. మా అబ్బాయికి ఆటిజం. బడి గంట మోగితే చెవులు మూసుకుని బల్ల కిందికి దూరతాడు. ఎక్కాలు మాత్రం గడగడా అప్పజెబుతాడు. "వేరే చోట చూసుకోండమ్మా" అని ఒక బడివాళ్లు మర్యాదగానే సాగనంపారు. ఇలాంటి ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, శిక్షణ ఇచ్చే ప్రభుత్వ భవిత కేంద్రాల సంగతి నాకు చెప్పింది అంబర్‌పేట బస్టాపులో పరిచయమైన మరో తల్లి. బోయిన్‌పల్లిలో జాతీయ మేధో వైకల్య సంస్థే ఉన్న నగరంలో ఇదీ మా గతి! సుద్దముక్క ఖర్చుతో పోయే పని ఇది: ప్రతి బడి నోటీసు బోర్డు మీద సమీప భవిత కేంద్రం చిరునామా, ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండే రోజులు, బాధ్యుల ఫోను నంబరు తెలుగులో, ఉర్దూలో రాయించాలి.

— ఒక తల్లి, అంబర్‌పేట, హైదరాబాద్