శీనూ, ఆ ఫోర్‌రన్నర్‌కి అడ్వాన్సు ఇచ్చేముందు

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశాను. 2001 టొయోటా ఫోర్‌రన్నర్, లక్షా ఎనభై వేల మైళ్ళు, ఐదు వేల డాలర్లు. ఇంజను గురించి నాకు బెంగ లేదు. ఆ 3.4 లీటర్ల వీ6కి తొంభై వేల మైళ్ళకోసారి టైమింగ్ బెల్టు మారిస్తే చాలు, మొండిగా తిరుగుతూనే ఉంటుంది. నా బెంగంతా ఏడో ఫొటో గురించే. వెనక ఎడమ చక్రానికి కాస్త ముందు, ఫ్రేమ్ ఇరుసు మీదకి వంపు తిరిగే చోటు చూడు. నల్లరంగు కింద బుడిపెలు బుడిపెలుగా ఉబ్బింది. ఆ పక్కనే రంగు పగిలి, ముదురు గోధుమరంగు పెచ్చు ఒకటి అంచు పైకి లేచి ఉంది. దాని వెనక నీడలో చిల్లు ఉందో లేదో ఫొటోలో తేలట్లేదు. అది తేలేదాకా డబ్బు చేతులు మారనివ్వకు.

హైదరాబాదులో పాత బండి కొనేటప్పుడు మనం ఇంజను శబ్దం, రీడింగు, టైర్లు, ఎక్కడైనా గుద్దిందా అన్నవే చూస్తాం. మీ ఒహాయో రాష్ట్రం క్లీవ్‌ల్యాండ్‌లో ఆ వరస పనికిరాదురా. అక్కడ ముందు కిందకి దూరి ఫ్రేమ్ చూడాలి, అది బాగుంటేనే బానెట్ ఎత్తాలి. ఇంజను పోతే రోడ్డు పక్కన ఆగి ఎవరికో ఫోన్ చేస్తావు. కంట్రోల్ ఆర్మ్‌ని, అంటే ఇరుసుని ఫ్రేమ్‌కి కలిపే కడ్డీని, ఫ్రేమ్‌కి పట్టి ఉంచే బ్రాకెట్టు హైవే మీద ఊడిందనుకో, వెనక ఇరుసు ఒక పక్కకి జరిగి, నువ్వు స్టీరింగ్ తిప్పకుండానే బండి తిరిగిపోతుంది. వెనక సీట్లో పిల్లలుంటారు.

అసలు ఎందుకిలా అవుతుందో చెప్తాను, అప్పుడు ఎక్కడ వెతకాలో నీకే తెలుస్తుంది. ఫోర్‌రన్నర్, సెకోయా, టాహో, ఎక్స్‌టెర్రా, రాంగ్లర్, ఇవన్నీ ఫ్రేమ్ మీద బాడీ కూర్చోబెట్టిన బండ్లు. ఫ్రేమ్ నిచ్చెనలా ఉంటుంది: పొడుగు దూలాలు రెండు, వాటిని కలుపుతూ అడ్డ దూలాలు. నీ బండిలో ఆ పొడుగు దూలాలు లోపల డొల్లగా ఉండే ఉక్కు పెట్టెలు, రేకు మందం సుమారు 3 మిల్లీమీటర్లు. బయట రంగుంటుంది, లోపల ఉన్నది పేరుకే. చలికాలంలో మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పునీళ్ళు ఫ్రేమ్‌కున్న రంధ్రాల్లోంచి లోపలికి పోతాయి, మట్టితో కలిసి అడుగున ముద్దగా కూర్చుంటాయి. కింద నీళ్ళు కారడానికి పెట్టిన కన్నాలు ఆ మట్టితోనే పూడుకుపోతాయి. ఇక తుప్పు లోపలే పుట్టి బయటికి వస్తుంది. బయట నీకు చిల్లు కనబడిందంటే చుట్టుపక్కల రేకు ఎప్పుడో కాగితంలా పలచబడిందన్నమాట.

ఉప్పుగాలి ఇనుముని ఏం చేస్తుందో విశాఖలో సముద్రం వైపు కిటికీ ఊచలు చూసి పెరిగినవాడివి, నీకు చెప్పేదేముంది. క్లీవ్‌ల్యాండ్‌లో అంతకన్నా ఘోరం. 23 శాతం ఉప్పు కలిపిన నీళ్ళు మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టవు. దానికి తోడు చాలాచోట్ల కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కూడా వాడతారు. అవి గాల్లో తేమని లాక్కుంటాయి కాబట్టి రోడ్డు ఆరినా ఫ్రేమ్ మీద తడి ఆరదు. ఇంకోటి, చాలామంది పొరబడేది: మంచు పట్టిన బండిని రాత్రి వెచ్చటి గరాజ్‌లో పెడితే దాన్ని కాపాడినట్టు కాదు. ఆ ఉప్పు బురద కరిగి రాత్రంతా తడిగా ఉంటుంది, వేడికి తుప్పు ఇంకా జోరుగా సాగుతుంది.

టొయోటా కదా, గట్టిగా ఉంటుంది అన్నావు. ఫ్రేమ్ విషయంలో ఆ పేరుని నమ్ముకోకు. 1995 నుంచి 2000 వరకు వచ్చిన టకోమా పికప్‌ల ఫ్రేములు చిల్లులు పడుతుంటే, 2008లో ఆ కంపెనీ వాటి తుప్పు వారంటీని 15 ఏళ్ళకి పొడిగించింది. బాగుచేయలేని బండ్లని మార్కెట్ విలువకి ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి కొంది. 2009లో 2000–2003 టండ్రాలని, సుమారు లక్షా పదివేల బండ్లని, రీకాల్ చేసింది, అంటే లోపం సరిచేయడానికి వెనక్కి పిలిచింది. వెనక అడ్డ దూలం తుప్పుపట్టి స్పేర్ టైరు రోడ్డు మీద ఊడిపడే ప్రమాదం ఉందని. 2016 నవంబరులో ఇదే తుప్పు గురించి యజమానులు టొయోటా మీద వేసిన కోర్టు కేసు రాజీకి వచ్చింది: 2005–2010 టకోమాలు, 2007–2008 టండ్రాలు, 2005–2008 సెకోయాలు, మొత్తం పదిహేను లక్షల బండ్లు, 340 కోట్ల డాలర్ల దాకా. ఒక్కో ఫ్రేమ్ మార్చడానికి పదిహేను వేల డాలర్ల వరకు అవుతుందని అందులోనే లెక్కేశారు. ఆ జాబితాలో నీ ఫోర్‌రన్నర్ లేదు. ఉన్న బండ్లకి కూడా గడువు తీరిపోయింది. కాబట్టి అమ్మేవాడు "టొయోటా వాళ్ళు ఫ్రేమ్ ఫ్రీగా మారుస్తారు" అంటే ఆ మాట చెవిన పెట్టకు. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో వీఐఎన్ (బండి గుర్తింపు నంబరు) కొట్టి పెండింగ్ రీకాల్ ఏమైనా ఉందేమో చూసుకో, ఖర్చు లేదు.

ఇప్పుడు అసలు పని. అమ్మేవాడికి చుట్టం కాని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి లిఫ్టు ఎక్కించు. వంద, రెండొందల డాలర్లు తీసుకుంటాడు, ఇవ్వు. ఎట్టి పరిస్థితుల్లోనూ వాళ్ళ వాకిట్లో ఒక్క జాకీ మీద లేపి కింద దూరకు. తుప్పు పట్టిన దూలం కింద జాకీ పెడితే అది రేకుని నలిపేసి లోపలికి దిగిపోతుంది, బండి నీ మీద పడుతుంది.

టార్చి, అర కిలో లోపు సుత్తి, గట్టి మైనస్ స్క్రూడ్రైవర్, ఒక తీగముక్క, అయస్కాంతం పట్టుకెళ్ళు. ఫోన్‌కి తగిలించే చిన్న గొట్టం కెమెరా దొరికితే ఇంకా మంచిది. సుత్తి వాడతానని అమ్మేవాడికి ముందే చెప్పు. వద్దంటే నీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

వెనక నుంచి మొదలుపెట్టు. స్పేర్ టైరు దించి దాని పైనున్న అడ్డ దూలం చూడు. తర్వాత ఇరుసు మీద వంపు. అక్కడ రెండు వైపులా, లోపలి ముఖం, కింది ముఖం విడివిడిగా కొట్టి చూడాలి. మంచి ఉక్కు ఖంగుమని మోగుతుంది, సుత్తి వెనక్కి ఎగురుతుంది. గుల్లబారింది మొద్దుగా డబ్‌మంటుంది, లోపల పెచ్చులు రాలిన చప్పుడు కూడా వినబడుతుంది. మొద్దుగా పలికిన చోట స్క్రూడ్రైవర్ ఆనించి బరువంతా వేసి నొక్కు. దిగిందా, సామాన్లు సర్దుకుని ఇంటికొచ్చెయ్. తర్వాత కింది కంట్రోల్ ఆర్మ్ బ్రాకెట్లు ఫ్రేమ్‌కి అతుక్కున్న వెల్డింగ్ చుట్టూ చూడు. నీ ఏడో ఫొటో ఆ చోటే. ఈ తరం ఫోర్‌రన్నర్‌లో మొదట పోయేది ఎక్కువగా అక్కడే. పక్క దూలాల కింద కన్నాల్లో తీగ పెట్టి తిప్పు. ఎర్రమట్టిలాంటి పొడి రాలితే అది మట్టి కాదు, నీ ఫ్రేమే. కెమెరా పంపి లోపలి అడుగు చూడు.

ముందు వైపు గేర్‌బాక్సు కిందనున్న అడ్డ దూలం, స్టీరింగ్ ర్యాక్ బిగించిన చోటు, బాడీని ఫ్రేమ్‌కి బిగించే బాడీ మౌంట్లు చూస్తే చాలు. అక్కడ ముందు కంట్రోల్ ఆర్మ్‌ల కామ్ బోల్టులు (అలైన్‌మెంట్ సరిచేయడానికి తిప్పేవి) కదులుతాయేమో మెకానిక్‌ని అడుగు. అవి తుప్పుతో చుట్టూ ఉండే గొట్టంలో (స్లీవ్‌లో) అతుక్కుపోతే వీల్ అలైన్‌మెంట్ కుదరదు. కోసి తీయాలి, మంచి కూలీ ఖర్చు పడుతుంది.

బ్రేక్ పైపులు వేరే చెప్పాలి. ఫ్రేమ్ బాగున్నా ఇవి పోవచ్చు. ఫ్రేమ్ వెంబడి పోయే ఉక్కు పైపుల్ని, ముఖ్యంగా క్లిప్పుల కింద, వెనక ఇరుసు పైన, గుడ్డతో తుడిచి చూడు. పొక్కులుంటే మార్పించాలి. ఆ ఒక్క పైపే కాకుండా మొత్తం, నికెల్-కాపర్ పైపుతో. అది తుప్పు పట్టదు, వంచడం కూడా తేలిక. 1999–2003 జనరల్ మోటార్స్ (జీఎం) పికప్‌లు, ఎస్‌యూవీల బ్రేక్ పైపుల తుప్పు మీద ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ ఏళ్ళ తరబడి విచారణ చేసి 2015లో రీకాల్ లేకుండా మూసేసింది. పాతబడితే వచ్చే అరుగుదల అని, యజమానులే చూసుకోవాలని తేల్చింది. అంటే నీ బండి పైపులు చూసే బాధ్యత నీదే.

బండి అడుగున నిగనిగలాడే కొత్త నల్ల పూత (అండర్‌కోటింగ్) కనిపిస్తే సంతోషించకు. ఇరవై ఏళ్ళు దాటిన ఒహాయో బండికి అమ్మకానికి ముందే కోటింగ్ ఎందుకు పడింది? పైన పటారం, లోన లొటారం. రబ్బరు కోటింగ్ తుప్పు మీద వేస్తే తడిని లోపలే బంధించి ఇంకా వేగంగా తినిపిస్తుంది. చిల్లుల మీద ఫైబర్‌గ్లాసు, పుట్టీ మెత్తి రంగేసేవాళ్ళూ ఉన్నారు. అయస్కాంతం అక్కడ పట్టదు.

ఒహాయోలో, పక్కన మిషిగన్‌లో బండ్లకి ఏటా భద్రతా తనిఖీ లేదు. న్యూజెర్సీ తనిఖీ స్టిక్కరు కూడా 2010 నుంచి మామూలు కార్లకి పొగ పరీక్షే. కాబట్టి "ఇన్‌స్పెక్షన్ పాసైంది" అన్న మాటకి అర్థం ఏమిటో ఏ రాష్ట్రమో చూసి తేల్చుకోవాలి.

నా లెక్క ఇది. వైరు బ్రష్‌తో రుద్దితే పోయి కింద నునుపైన ఇనుము తేలితే అది పైపై తుప్పు, పట్టించుకోకు. పెచ్చులూడి గుంటలు పడ్డా సుత్తికి మోగుతుంటే ధర తగ్గించి అడగొచ్చు. సస్పెన్షన్ బ్రాకెట్లు, స్టీరింగ్, అడ్డ దూలాల దగ్గర చిల్లుంటే ఐదొందలకిచ్చినా వద్దు. వెల్డింగ్ చేయించొచ్చు కదా అంటావు. చేయొచ్చు, ఫ్రేముల పని తెలిసినవాడు చేస్తే. మంచి ఇనుము వచ్చేదాకా కోసి, అదే మందం ప్లేటు వేసి, అతుకు దూలానికి అడ్డంగా నిలువు గీతలా రాకుండా ఏటవాలుగా చేప నోరులా కోసి అతకాలి. నిలువు అతుకు అక్కడే చిట్లుతుంది. ఆ వేడికి లోపలి పూత కాలిపోతుంది కాబట్టి తర్వాత లోపల మైనం కొట్టాలి. ఇదంతా సరిగ్గా చేయిస్తే బండి ధర దాటిపోతుంది. తుప్పు మీదే రేకు అతికించి రంగేస్తే, అతుకు పట్టుకోవడానికి అక్కడ ఇనుమే ఉండదు.

జీప్ రాంగ్లర్ చూడనా అన్నావుగా. 1997–2006 మధ్య వచ్చిన టీజే అనే రాంగ్లర్ మోడల్లో కూడా వెనక కంట్రోల్ ఆర్మ్ బ్రాకెట్ల దగ్గర, మధ్య స్కిడ్ ప్లేటు (అడుగున రక్షణగా ఉండే రేకు) పైన ఫ్రేమ్ లోపలే కుళ్ళుతుంది. అదే సుత్తి, అదే పరీక్ష.

నన్నడిగితే డల్లాస్‌లో మీ బావమరిదికి చెప్పు. టెక్సాస్‌లో పుట్టి అక్కడే తిరిగిన ఫోర్‌రన్నర్ రెండువేల డాలర్లు ఎక్కువైనా చవకే. బండి చరిత్ర చూపే కార్‌ఫ్యాక్స్ రిపోర్టులో రిజిస్ట్రేషన్ అయిన రాష్ట్రాలన్నీ చూడమను. మధ్యలో నాలుగేళ్ళు మిషిగన్‌లో ఉండి దక్షిణానికి వచ్చిన బండ్లు బోలెడు. గల్ఫ్ ఆఫ్ మెక్సికో తీరం దగ్గరివి కూడా, ఉప్పుగాలి వల్ల, కిందనుంచి చూడాల్సిందే.

అలాంటిది దొరికితే మొదటి మంచు పడకముందే, సెప్టెంబరు అక్టోబరుల్లో, ఫ్రేమ్ బాగా కడిగి, రెండు రోజులు ఆరనిచ్చి, ఫ్లూయిడ్ ఫిల్మ్‌లాంటి గొర్రె ఉన్ని జిడ్డుతో చేసిన పూత కొట్టించు. బయటకన్నా దూలాల లోపల ముఖ్యం. చుట్టూ చిమ్మే పొడుగు గొట్టంతో ప్రతి కన్నంలోంచి లోపలికి కొట్టాలి. ఆ సైజు బండికి సుమారు నాలుగు లీటర్లు పడుతుంది. బ్రేక్ డిస్కుల మీద, సైలెన్సర్ మీద పడనివ్వకూడదు, నీళ్ళు కారే కన్నాలు మూసుకోకూడదు. ఇది ఏటా చేయాలి, కడుక్కుపోతుంది. చలికాలంలో ఎండ కాసి సున్నా దాటిన రోజు కింద నుంచి కడిగించు, ఏప్రిల్‌లో ఉప్పు చల్లడం ఆపాక ఒకసారి కన్నాల్లోంచి పైపు పెట్టి లోపలంతా కడుగు.

ఈ ఫోర్‌రన్నర్‌ని లిఫ్టు ఎక్కిస్తే మాత్రం ఆ వెనక బ్రాకెట్లు రెండు వైపులా దగ్గరగా, ఫ్లాష్ వేసి, పెచ్చు ఊడగొట్టాక ఫొటోలు తీసి పంపు. సుత్తితో కొట్టేటప్పుడు వీడియో తీయి, చప్పుడు నేనూ వింటాను.

నీ
ప్రసాద్