నలభై కిలోల రాయి: జవాబుల పట్టిక ఒక్కటే చాలదు

సంపాదకులకు,

గత ఆదివారం పిల్లల పేజీలో ‘నలభై కిలోల రాయి నాలుగు ముక్కలు’ లెక్క ఇచ్చారు: రాయి నాలుగు ముక్కలైంది, ఆ ముక్కలతో త్రాసులో ఒకటి నుంచి నలభై దాకా ఎన్ని కిలోలైనా తూచగలిగితే ఒక్కో ముక్క బరువెంత? దానికి జవాబుగా, ఒకటి నుంచి నలభై దాకా ఏ బరువు తూచడానికి ఏ రాళ్లను ఏ పళ్లెంలో వేయాలో చూపే పట్టిక ప్రచురించారు. పట్టికలో తప్పేమీ లేదు. అయితే ఆ ముక్కలు 1, 3, 9, 27 కిలోలే ఎందుకు కావాలో ఒక్క వాక్యమైనా రాయకపోవడంతో, పిల్లలకు అది బట్టీ పట్టవలసిన ఎక్కంలా మాత్రమే కనిపిస్తుంది.

1202లో ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచీ రాసిన గ్రంథంలోనూ, 1612లో ఫ్రాన్సులో గణితజ్ఞుడు బాషే ప్రకటించిన వినోద గణిత గ్రంథంలోనూ ఉన్న ఈ లెక్క, నిజానికి పూర్ణ సంఖ్యలను మూడు ఆధారంగా, అంటే ఒకట్లు, పదులు, వందల స్థానాలకు బదులు 1, 3, 9, 27 స్థానాలతో, రాసే ఒక వింత పద్ధతి. మామూలుగా ఆధారం మూడైతే 0, 1, 2 అనే అంకెలు వాడతాం. ఇక్కడ 2ను తీసేసి, దాని చోట −1ని పెట్టుకోవాలి. రాయిని సరుకుకు ఎదుటి పళ్లెంలో వేస్తే 1, సరుకు పక్కనే వేస్తే −1, అసలు వాడకపోతే 0. ఒక్కో రాయికి మూడు దారులున్నాయి కనుక నాలుగు రాళ్లకు 81 అమరికలు వస్తాయి. వాటిలో ఒకటి సున్నా, నలభై ధన సంఖ్యలు, నలభై రుణ సంఖ్యలు. ప్రతి సంఖ్యకూ ఒకే ఒక్క అమరిక ఉంటుంది కాబట్టి ఏదీ వృథా కాదు.

ఉదాహరణకు 23ను తీసుకుందాం. మూడుతో భాగిస్తే భాగఫలం 7, శేషం 2. 2 అంటే 3 − 1 కనుక, శేషం 2 వచ్చినప్పుడల్లా −1 రాసి, భాగఫలానికి ఒకటి కలపాలి, అంటే 8. మళ్లీ భాగిస్తే 2, శేషం 2. ఇక్కడా −1 రాసి, 3తో ముందుకు వెళ్లాలి. దానికి శేషం 0, చివరికి మిగిలేది 1. చివర వచ్చిన అంకెతో మొదలుపెట్టి, 27, 9, 3, 1 స్థానాల వరుసలో రాస్తే 1, 0, −1, −1. కాబట్టి 27 కిలోల రాయి ఎదుటి పళ్లెంలోకి, 3, 1 కిలోల రాళ్లు సరుకు పక్కకి వెళ్తాయి. ఈ నాలుగు వరుసల పని తెలిసిన ఆరో తరగతి పిల్లవాడికి మీ పట్టికతో పనే ఉండదు.

అంతకంటే సొగసైన సంగతి మరొకటి ఉంది. 1, 3, 9, 27 లాంటి 3 యొక్క ఘాతాలన్నీ బేసి సంఖ్యలే కనుక, వాడిన రాళ్లు సరి సంఖ్యలో ఉంటే బరువు సరి, బేసి సంఖ్యలో ఉంటే బరువు బేసి. 23కు మూడు రాళ్లు పట్టాయి. ఇక −23 కావాలంటే రుణ గుర్తు వేరుగా పెట్టనక్కరలేదు, ప్రతి 1నీ −1గా, ప్రతి −1నీ 1గా మార్చితే సరిపోతుంది. ఈ సౌలభ్యాన్ని నమ్ముకునే మాస్కో విశ్వవిద్యాలయంలో బ్రుసెంత్సోవ్ బృందం 1958లో ‘సెతున్’ అనే కంప్యూటర్‌ను నిర్మించింది. కంప్యూటర్లలో 0, 1 మాత్రమే వాడే ద్విసంఖ్యామానమే చివరికి నిలిచిందన్నది వేరే విషయం.

వచ్చే ఆదివారం పట్టిక మళ్లీ వేయనక్కరలేదు. భాగహారం చేసే ఆ పద్ధతి ఒక్కటి ప్రచురించి, 121 కిలోల దాకా తూచాలంటే ఐదో రాయి ఎంత ఉండాలో పిల్లలనే అడగవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
తెనాలి.