గత నెల బిల్లుల్లో కిలోమీటర్లు తప్పాయి, తేడా వెనక్కి ఇస్తున్నాను

"అన్నా, వన్‌టౌన్ నుంచి గొల్లపూడికి 14 కిలోమీటర్లా?" అని మన బియ్యం కొట్టు ఆయన ఫోన్ చేశారు. పద్దెనిమిదేళ్లుగా విజయవాడలో ట్రాలీ ఆటోలు తిప్పుతున్నాను. కిలోమీటరు ఎక్కువ వేశానని ఎవరిచేతా అనిపించుకోలేదు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

జరిగింది ఇది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిచ్చినతను దూరాలు లెక్కకట్టడానికి ఇంటర్నెట్‌లో ఉన్న ఒక ఉచిత మ్యాప్ సర్వర్‌ను తగిలించాడు. "ఫ్రీయే సార్" అంటే నమ్మాను. అది పరీక్షించి చూసుకోవడానికి పెట్టిన సర్వర్ అనీ, సెకనుకు ఒక్క రిక్వెస్ట్ దాటకూడదనీ, వ్యాపారానికి కాదనీ నిబంధనల్లో రాసే ఉంది. మనం రోజంతా తిరిగిన ట్రిప్పులన్నీ రాత్రి తొమ్మిదింటికి ఒకేసారి పంపేవాళ్లం. దాంతో ఆ సర్వర్ వాళ్లు మనకు ఆపేశారు. వాళ్ల తప్పేం లేదు. ఆగిపోయిందని చెప్పాల్సిన సాఫ్ట్‌వేర్ మాత్రం చెప్పకుండా పాత జోన్ లెక్క, అంటే ఒక్కో ఏరియాకు ఇన్ని అని ముందే పెట్టుకున్న కిలోమీటర్లు, వేసుకుంటూ పోయింది. అడిగితే "అప్‌డేట్ చేస్తా సార్" అన్నాడే గానీ పొరపాటైందన్న మాట రాలేదు. అది నాకింకా మింగుడుపడలేదు.

డబ్బు కట్టి గూగుల్ మ్యాప్స్ సర్వీసే తీసుకుందామా అని రెండు వారాలు కొట్టుకున్నాను. ఖర్చు గురించి కాదు. లొకేషన్ల అక్షాంశ రేఖాంశాలను 30 రోజులకు మించి దాచుకోకూడదని దాని షరతుల్లో ఉంది. మీరు ఆర్నెల్ల తర్వాత బిల్లు పట్టుకొచ్చి ఈ దూరం ఎలా వచ్చిందంటే నేను చూపించగలగాలి కదా. జీఎస్టీ లెక్కలైతే ఆరేళ్లు ఉంచాలి. ఇది చదివాక మనసొప్పలేదు.

చివరికి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమంతా కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) డేటాను మన ఆఫీసు కంప్యూటర్లోనే పెట్టించాను, వేరే మనిషితో. ఆ డేటా వ్యాపారానికీ వాడుకోవచ్చు, వాళ్ల పేరు వేయాలి. విరాళాల మీద నడిచే అలాంటి ఉచిత సర్వర్ల మీద మన భారం వేయడమే తప్పు. పేరు వేయాలి కాబట్టి ఇకనుంచి బిల్లు అడుగున "ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్లు" అన్న లైను ఉంటుంది. మొదట తాడేపల్లి ట్రిప్పుకు ప్రకాశం బ్యారేజీ దారి చూపించింది. లోడు బండిని నేను బ్యారేజీ మీదికి పంపను. డ్రైవర్ల మీటర్ పుస్తకాలు ముందేసుకుని కూర్చుని, కనకదుర్గ వారధి మీదుగా సరిపోయేదాకా మార్పించాను.

గత నెల 9 నుంచి 20 వరకు బిల్లులు తీసుకురండి, లేదా వాట్సాప్‌లో ఫోటో పెట్టండి. ఎక్కువ పడింది వచ్చే బిల్లులో సర్దడం ఉండదు, చేతికే ఇస్తాను. తక్కువ పడినవాళ్లు ఏమీ కట్టక్కర్లేదు.