తప్పు ప్రింట్ల వెనక రాసిన ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు
మంగళవారం మధ్యాహ్నం

చిన్నా,

పొద్దున పదింటికి పోయిన కరెంటు ఇంకా రాలేదు. లైను మీదికొచ్చిన కొమ్మలు కొడుతున్నారట. కరెంటు లేని జెరాక్స్ షాపంత పనికిమాలిన చోటు ఇంకోటుండదు. విసనకర్రతో విసురుకుంటూ కూర్చుని, సరే ఉత్తరమన్నా రాద్దామనుకున్నా. కాగితం తిప్పి చదవకు, వెనక ఎవరిదో రెజ్యూమె ఉంది. టోనర్ అయిపోయి సగం మాసిపోయిన ప్రింటు, పారేయబుద్ధి కాక దాచా. ఫోన్లో చెబితే నువ్వు "సరేమ్మా, సరేమ్మా" అంటూ పెట్టేస్తావు.

పనికెళ్ళకుండానే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళకి కట్టాలని నిన్న రాత్రి నువ్వడిగిన 2500 గురించే. "డబ్బు కడితే వారంలో సర్టిఫికెట్ మెయిల్‌కి వచ్చేస్తుంది, రిపోర్టు ఎలాగూ మన షాపులోనే కొట్టుకోవచ్చు" అన్నావు. ఆ ఆఖరి మాటకే నాకు రాత్రంతా నిద్ర లేదు.

ఆ డబ్బు పంపను. లేక కాదు. నీ స్నేహితులంతా కట్టారంటే కట్టారేమో, వాళ్ళ అమ్మలు ఈ కౌంటర్ వెనక కూర్చోలేదు. ఉన్నత విద్యామండలి డిగ్రీ పిల్లలకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసిన దగ్గర్నుంచీ, ఏప్రిల్, మే, జూన్ నాకు రిపోర్టుల సీజనే. పుస్తకాల సీజను కూడా దాని ముందు దిగదుడుపే. ఎన్ని స్పైరల్ బైండింగులు చేశానో లెక్క లేదు. ఏది చేసి రాసింది, ఏది చూసి రాసింది అట్ట వెయ్యకముందే తెలిసిపోతుంది.

లాగ్ బుక్కుల సంగతి చెబుతా విను. రోజూ ఏం చేశారో రాసి, అక్కడి సూపర్‌వైజర్‌తో సంతకం పెట్టించుకోవాలి కదా. పోయిన జూన్‌లో ఒక రాత్రి ఎనిమిదింటికి నలుగురొచ్చారు, మన బల్ల మీదే కూర్చుని రెండు నెలల డైరీ గంటన్నరలో రాసేశారు. ఒకడు తారీఖులు చెబుతుంటే ముగ్గురు రాయడం. ఆదివారాలు కూడా ఆఫీసుకెళ్ళినట్టు రాసుకుపోతున్నారు. నేనే ఆపి క్యాలెండర్ ఇచ్చా. అన్ని పేజీల్లో ఒకే నీలం ఇంకు, ఒకే వాలు. నిజంగా పనికెళ్ళిన పిల్లల పుస్తకం అలా ఉండదు. నాలుగు రకాల పెన్నులుంటాయి, టీ మరక ఉంటుంది, మధ్యలో ఒక రోజు "ఇవాళ పని లేదు, సార్ రాలేదు" అని ఉంటుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతా. ఎప్పుడూ నీకు చెప్పలేదు. రెండేళ్ళ కింద ఒక అబ్బాయి పెన్ డ్రైవ్ తెచ్చాడు. వాళ్ళ సీనియర్ విటిపిఎస్‌లో, అదే ఇబ్రహీంపట్నంలోని విజయవాడ థర్మల్ కరెంటు కేంద్రంలో, చేసిన ట్రైనింగ్ రిపోర్టు. "పేరు, రోల్ నెంబరు మార్చి ప్రింటివ్వండి ఆంటీ" అన్నాడు. ఫైండ్, రీప్లేస్ కొట్టి రెండు నిమిషాల్లో మార్చేశా. కలర్ పేజీలు, బైండింగ్ కలిపి 180 తీసుకున్నా. అప్పుడు ఏమీ అనిపించలేదు, గిరాకీ అంతే. నాలుగు రోజులకి అదే రిపోర్టు చంకలో పెట్టుకొచ్చాడు. వైవాలో బయటి నుంచొచ్చిన సారు మొదటి పేజీలోనే ఎర్ర పెన్నుతో 1760 మెగావాట్లు అన్న చోట సున్నా చుట్టి, పక్కన "800 ఏది?" అని రాశాడు. పాత రిపోర్టది. 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, తర్వాతొచ్చిన 500ది ఒకటి, అంతవరకే ఉంది. 2023లో వచ్చిన 800 యూనిట్ అందులో లేదు. ఇబ్రహీంపట్నం వెళ్ళి గేటు దగ్గర నిలబడినా దాని చిమ్నీ కనపడేది కదయ్యా అన్నాడట ఆ సారు. మొత్తం 2560 అని నాకిప్పుడు కంఠతా వచ్చు, జెరాక్స్ షాపు దాన్ని.

ఆ పిల్లాడు నన్ను ఒక్క మాట అనలేదు. కొత్త రిపోర్టుకి డబ్బు వద్దన్నా, ఇచ్చే వెళ్ళాడు. ఆ రోజు నుంచి పేర్లు మార్చే పని మానేశా. పక్క షాపులో చేస్తారు, వెళ్తారు. పోనీ. కానీ నా కొడుకు రిపోర్టే ఈ మిషన్ మీద అలా కొట్టమంటే ఎట్లారా?

నువ్వేమీ ప్రయత్నం చెయ్యలేదనను. నలభై కంపెనీలకి మెయిల్ పెట్టానన్నావు, ఒక్కటీ పలకలేదన్నావు. నాకు ఫార్వర్డ్ చేసిన ఆ మెయిల్ చదివా. "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్" అని మొదలై, నువ్వు కష్టపడి పని చేస్తావని, త్వరగా నేర్చుకుంటావని ఉంది. ఇలాంటివి రోజుకి పది ప్రింట్లు తీస్తా. అందులో నువ్వు ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ అన్న సంగతి నాలుగో పేరాలో ఉంది. పోయినేడు హాస్టల్లో పాడైన ఇన్వర్టర్ నువ్వే విప్పి బాగుచేశావు చూడు, అది ఎక్కడా లేదు. అది మొదటి లైన్లో రాయి. ఏ తారీఖు నుంచి ఏ తారీఖు వరకు రాగలవో రాయి. విటిపిఎస్‌కైతే మెయిళ్ళతో పని కాదు, కాలేజీ లెటర్ పట్టుకుని ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి. మే నెలకి ఇంకా ఎనిమిది వారాలుంది, ఈ వారమే హెచ్ఓడీ గారి దగ్గర లెటర్ తీసుకో.

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ అంటూ నెలకి 5000 ఇచ్చేది ఒకటుందని మీ ఫ్రెండు అన్నాడట. దాని కోసం ఆగకు. 2024లో అది పెట్టినప్పుడు మన షాపులో చాలామంది పిల్లలు అప్లై చెయ్యడానికొచ్చారు. ఏడాది పాటు చెయ్యాలి, రెగ్యులర్‌గా కాలేజీకెళ్ళే వాళ్ళకి కాదని అప్పటి నిబంధనల్లోనే ఉంది. సగం మందిని వెనక్కి పంపా.

డాబా మీద సోలార్ పెట్టించుకునే సూర్యఘర్ పథకం అప్లికేషన్లు కూడా మన దగ్గర చేయించుకుంటున్నారు. మూడు కిలోవాట్లకి 78,000 సబ్సిడీ అనేసరికి ప్రతివాడూ డాబా మీద పలకలు పెట్టిస్తున్నాడు. ఆ పెట్టేవాళ్ళల్లో ఇద్దరు రోజూ మన షాపుకొస్తారు. డాబా ఎక్కి కొలతలు తీసుకునే కుర్రాడు దొరకట్లేదని ఒకాయన గొణుగుతూనే ఉంటాడు. ఆయన నెంబరు నీకు వాట్సాప్ చేశా. నేను మాట్లాడను, నువ్వే మాట్లాడు.

అదీ కుదరకపోతే ఆటోనగర్‌లో మావయ్య ఉన్నాడు. మొహం మాడ్చుకోకు. మోటార్ వైండింగ్ షాపు అంటే నీకు నామోషీ, నాకు తెలుసు. పోయిన సంక్రాంతికి వాళ్ళ షాపులో ఒక గంట కూర్చున్నా. కాలిపోయిన బోరు మోటారొకటి వచ్చింది, మసి, మాడు కంపు. నేనైతే ఆ తీగంతా లాగి పారేసి కొత్తది చుడతారనుకున్నా. మావయ్య లాగలేదు. ఒక్కో కాయిల్ మెల్లగా కోసి, చుట్లు లెక్కబెట్టి, తీగ మందం గేజ్‌తో చూసి, ఏ గాడిలోంచి ఏ గాడిలోకి వెళ్ళిందో అగ్గిపెట్టె అట్ట మీద బొమ్మ వేసుకున్నాడు. "పాతది చెప్పినట్టు చుట్టాలక్కా, ఒక్క చుట్టు తేడా వచ్చినా వేడెక్కుద్ది" అన్నాడు. చుట్టాక వార్నిష్, ఆరబెట్టడం, ఆ తర్వాత ఇన్సులేషన్ బాగుందో లేదో చూపే మెగ్గర్ మీటరు పెట్టి చూడటం. ఆ మెగ్గర్ పేరు నీ ల్యాబ్ రికార్డులో చూశా, అట్ట కూడా నేనే వేశా. చుట్టు తేడా వస్తే ఎందుకలా వేడెక్కుద్దో మావయ్యకి లెక్క తెలియదు, చెయ్యి తెలుసు. లెక్క నీకు తెలుసు. ఇద్దరూ కూర్చుంటే నీ రిపోర్టులో రాయడానికి ఏదో ఒకటి దొరక్కపోదు. షాపుకి చిన్న సంస్థలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, జీఎస్టీ రెండూ ఉన్నాయి. అలాంటి చోటుని కాలేజీ ఒప్పుకుంటుందా లేదా అని మీ ఇంటర్న్‌షిప్ కోఆర్డినేటర్‌ని ముందే అడుగు. అంతా అయ్యాక వాళ్ళు కాదంటే ఇద్దరం ఏడవాలి.

ఎక్కడ కుదిరినా చేరిన మొదటి రోజే లాగ్ బుక్కు కొను. సంతకం ఏ రోజుది ఆ రోజే. చివర్లో ఒకేసారి పెట్టించుకుందామంటే ఆ సూపర్‌వైజర్ ఊళ్ళో ఉండడు, ఇది ప్రతి ఏడూ చూస్తున్నా.

2500 బదులు 900 ఫోన్‌పే చేస్తా, రబ్బరు సోలు బూట్లు కొనుక్కో. ఆ హవాయి చెప్పులతో కరెంటు దగ్గరికి పోయావంటే నేనే వచ్చి కొడతా. శనివారం వచ్చేటప్పుడు మాసిన బట్టలు మర్చిపోకు, గోంగూర పచ్చడి సీసా ఖాళీది కూడా తెచ్చెయ్.

ఫ్యాను తిరిగింది. బయట ఇద్దరు పిల్లలు పెన్ డ్రైవ్ పట్టుకుని నిలబడి ఉన్నారు, ఎన్ని పేజీలో చూస్తా.

అమ్మ